గేటుకు కట్టిన తువ్వాలు

కూరాబిన్ ఊరి జనానికి ఏటి భయం కంటే, ఏరు మాకు తెలియనిదా అన్న ధీమా ఎక్కువ. ఇళ్ళన్నీ ఎత్తయిన కొయ్య స్తంభాల మీద కట్టుకున్నారు. వరద కబురు వస్తే కింది సామాను పైకి మోసి, బీరు సీసాలు తెరిచి, వరండాలో కూర్చుని నీళ్ళను చూస్తారు. కిందటిసారి వరద ఆ వరండాల మీదుగానే వెళ్ళింది. అప్పుడు గానీ ఊరి పెద్దలకు మెలకువ రాలేదు.

వచ్చాక మీటింగులే మీటింగులు. పడవలు తక్కువ, పల్లపు వీధులు ఎక్కువ. ఖాళీ ఇళ్ళ తలుపులు కొడుతూ కూర్చుంటే ఉన్నవాళ్ళను ఎప్పుడు తెస్తారు? ఫెర్రీ వీధి బాధ్యత నెత్తినేసుకున్న నెరిస్ లేచి ఒక ఉపాయం చెప్పింది. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళు మెట్ల పైన, వరండా గేటుకు తువ్వాలు కట్టాలి. తువ్వాలున్న ఇంటి దగ్గర పడవ ఆగదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ప్రణాళిక మొత్తంలో అందరికీ అర్థమైన ముక్క అదొక్కటే.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున రిహార్సల్ పెట్టారు. జనం నవ్వుకుంటూ, కుక్కల్ని లాక్కుంటూ గుట్ట మీది బడికి నడిచారు. వీధి పొడుగునా తువ్వాళ్ళు చూసి నెరిస్‌కు కడుపు నిండింది. అంతలో క్లారీ డన్ ఇంటి దగ్గర బేకన్ వేగుతున్న వాసన వచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. గేటుకు తువ్వాలు ఉండనే ఉంది. మెట్లెక్కి లోపలికి చూస్తే ముసలాయన బల్ల ముందు కూర్చుని తింటున్నాడు.

"తువ్వాలు కట్టావుగా క్లారీ, లోపలేం చేస్తున్నావు?"

"టిఫిన్ తింటున్నా. కళ్ళు కనబడట్లేదా?"

"మరి ఆ తువ్వాలెందుకు?"

"మీవాళ్ళు తలుపు కొట్టకుండా. భలే పనిచేసింది, నువ్వు తప్ప ఎవరూ రాలేదు. మంచి ఉపాయం అమ్మాయ్, ఎవరు చెప్పారో గానీ!"

నెరిస్‌కు ఒళ్ళు మండింది. "నిజంగా వరదొచ్చినా ఇదే వేషమా?"

"పుట్టి బుద్ధెరిగాక ఏ వరదకీ ఈ ఇల్లు దిగలేదు. నా కోసం ఎవరూ పడవేసుకుని రానక్కర్లేదు."

"నీ సంగతి కాదయ్యా! నీ గేటు అబద్ధమాడితే ఇంక ఏ గేటుని నమ్మమంటావు? ఆ చివరింట్లో పికెట్ అక్కచెల్లెళ్ళున్నారు. మెర్ల్ చక్రాల కుర్చీలోంచి లేవలేదు. ఊనా ఒక్కతే మోయగలదా?" అంటూనే ఆమెకు ఏడుపొచ్చేసింది.

క్లారీ ఫోర్కు కింద పెట్టాడు. "సరే తల్లీ, ఊరుకో. ఇంకెప్పుడూ చెయ్యను."

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఈ నిజం నెరిస్ కూడా ఎరుగును, అయినా మర్నాటి మీటింగులో నోరు విప్పలేదు. చెబితే ఉపాయం అక్కడికక్కడే కూలిపోయేది. పైగా అది తన ఉపాయం.

మార్చిలో ఏరు కట్ట తెంచుకుంది. మధ్యాహ్నానికి ఫెర్రీ వీధిలో చెట్ల తలలూ, ఇళ్ళ పైభాగాలే మిగిలాయి. మెర్ల్ కోసం బయల్దేరిన వ్యాను దారి మునిగి ఎక్కడో ఆగిపోయిందని ఫోనొచ్చింది. నెరిస్, పడవ నడిపే ట్రెవ్ నేరుగా చివరింటికే బయల్దేరారు. దారిలో క్లారీ వరండా గేటు పై కమ్మీ నీళ్ళ మీద కనబడింది. దానికి తువ్వాలుంది.

"తువ్వాలుంది, పోదాం," అన్నాడు ట్రెవ్.

"ఆగు. ఆ ముసలాడు లోపలే ఉంటాడు."

"మనం పెట్టుకున్న రూలేగా నెరిస్?"

"నాకు తెలుసు వాడి సంగతి. ఇంజను ఆపు."

కిటికీ పగలగొట్టి లోపలికి దూరింది. నడుము లోతు నీళ్ళలో గది గదీ వెతికింది, తిట్టింది, బతిమాలింది. అటక తలుపు ఊడబెరికి చూసింది. ఎక్కడా ఎవరూ లేరు. బయటికొచ్చేసరికి ప్రవాహం ఎదురు తిరిగింది. పడవ గజం ముందుకు పోతే రెండు గజాలు వెనక్కి వస్తోంది.

ఇంకా పల్లంలో ఉన్న చివరింటి చూరు పట్టుకుని ఊనా వేలాడుతోంది. పక్కన ఎవరూ లేరు.

"ఇందాకటిదాకా పట్టుకునే ఉన్నాను," అంది పడవలోకి లాగాక. "మీ మోటారు చప్పుడు విన్నాం. వచ్చేస్తున్నారు మెర్ల్, ఇంకొక్క నిమిషం అన్నాను. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. ఎందుకాపారమ్మా?"

ట్రెవ్ నెరిస్ వంక చూడకుండా పడవను బడి వైపు తిప్పాడు.

బడిలో దుప్పట్లు పంచుతున్నారు. క్లారీ ఒక మగ్గులో టీ పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"నీ మాట విన్నాను అమ్మాయ్! పొద్దున్నే తువ్వాలు కట్టి వచ్చేశాను. ఈసారి అబద్ధం కాదు. చూశావా లేదా?"

గోడవారన దుప్పటి కప్పుకున్న ఊనా తలెత్తింది.

"చూశాను క్లారీ," అంది నెరిస్.