డెబ్బై రెండు కిలోలు

"ఫ్రిజ్ కిందకేమన్నా దొర్లిందా?" అన్నాడు మా ఆయన.

వంటింటి నేలమీద బోర్లా పడుకుని ఉన్నాను. తల, ఛాతీ పైకెత్తి, మోకాళ్లు మడిచి పాదాలు గాల్లో పెట్టి, పొట్ట ఒక్కటే నేలకానించి ముప్ఫై లెక్కపెడుతున్నాను. పందొమ్మిది దగ్గరున్నాను. మాట్లాడితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. అందుకని మాట్లాడలేదు. ఆయన నిజంగానే ఏదో దొర్లిందనుకుని వంగి ఫ్రిజ్ కింద చూశాడు. దుమ్ము కనపడింది. "ఇక్కడ ఊడ్చి ఎన్నాళ్లయింది?" అన్నాడు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ముప్ఫై అయ్యాక "దొర్లింది నేనే" అన్నాను. అప్పటికే వెళ్లిపోయాడు.

ఆస్పత్రిలో ఆయాగా చేరి ఇరవై నాలుగేళ్లు. మంచంమీద ఉన్నవాళ్లను కుర్చీలోకి, కుర్చీలో ఉన్నవాళ్లను స్నానాల గదిలోకి, అక్కడినుంచి మళ్లీ మంచంమీదికి చేర్చడం నా పని. ఆస్పత్రి పెట్టి యాభై ఏళ్లయిందని మా అందరి పేర్లూ చీటీలు రాసి బహుమతులు పంచారు. పెద్ద డాక్టరుగారికి మిక్సీ వచ్చింది. నాకు విమానంలోంచి దూకే టిక్కెట్టు వచ్చింది. మార్చుకుందామా అని అడిగితే ఆయన భుజం నొప్పన్నారు. ఊరి బయట మైదానంలో నేర్పేవాళ్లు నేర్చుకునేవాళ్లను పొట్టకు కట్టుకుని, ఇద్దరికీ ఒకే పారాచూట్‌తో దూకుతారు. మొత్తం మూడుసార్లు. మూడోసారి పారాచూట్ తాడు నేర్చుకునేవాళ్లే లాగాలి.

"నీ ఇష్టం" అన్నాడు మా ఆయన. మా ఇంట్లో నీ ఇష్టం అంటే వద్దని. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ మాట విన్నాక కూడా నేను చేసిన పని ఇదొక్కటే. మా అమ్మాయి ఫోన్‌లో గగ్గోలు పెట్టింది. "అమ్మా, నడుం విరిగితే నిన్నెవరు చూస్తారు?" అంది. "ఎవరో ఎందుకే, నేనే చూసుకుంటాను. నాకలవాటేగా" అన్నాను. అది నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

నాకు నేర్పిన అమ్మాయిని మైదానంలో అందరూ పిట్ట అంటారు. మనిషి పిట్టంతే. నా పక్కన నిలబడితే నా నీడలో పట్టేస్తుంది.

"నీ బరువెంతక్కా?"

"డెబ్బై రెండు."

"నా తల్లే! నాకంటే ఇరవై ఎక్కువ" అని నవ్వింది. ఆ తరవాత పాఠం చెప్పింది. గాల్లోకి రాగానే అరటిపండులా వంగాలి. నడుం ముందుకు, తల వెనక్కి తన భుజం మీదికి, మడమలు తన కాళ్ల మధ్యకు. నేల దగ్గరికొచ్చాక కాళ్లు రెండూ ఎత్తి ముందుకు చాపి పట్టుకోవాలి. "నేల సంగతి నేను చూసుకుంటా. నువ్వు మాత్రం కాళ్లు దించకు" అంది. తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

వచ్చింది అదొక్కటే. తలుపులోంచి బయటపడగానే గడ్డం గుండెకానించి కిందకు చూశాను. ఇద్దరం తొట్టెలా ఊగిపోయాం. పారాచూట్ తెరుచుకున్నాక సర్దుకుంది. నేల దగ్గరపడుతుంటే పిట్ట "కాళ్లెత్తక్కా, కాళ్లు!" అని అరుస్తూనే ఉంది. నాకు ఒకటే ఆలోచన. ఇంత పిల్ల, దీని ప్రాణానికి నా బరువా? కాస్త సాయం చేద్దామని కాళ్లు దించాను. నా పాదాలు నేలకు తన్నుకున్నాయి. ఇద్దరం పల్టీ కొట్టాం. పిట్ట చీలమండ నా కింద పడి మెలిక తిరిగింది.

కట్టు నేనే కట్టాను. అది మాత్రం బాగా కట్టాను. పిట్ట ఆ కాలు బల్లమీద పెట్టుకుని, దూకేటప్పుడు తన చేతికున్న కెమెరాలోని బొమ్మ టీవీలో వేసి చూపించింది. నన్ను నేను బయటనుంచి చూసుకోవడం అదే మొదలు. నడుం వంగి ఉంది. తల దిగి ఉంది. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. కింద మేఘాలు తప్ప ఏమీ లేవు.

"ఎవరినో ఎత్తబోతున్నట్టున్నావేంటక్కా?" అంది పిట్ట.

పదమూడు వేల అడుగుల పైన కూడా నేను ఆయానే.

"నీమీద కోపం లేదక్కా. కానీ ఇంకోసారి కాళ్లు దించావంటే, దూకుళ్లు రాసే నీ పుస్తకంలో సంతకం పెట్టను. మూడో దూకుడు ఉండదు. ఈసారి నా చీలమండ. వచ్చేసారి నీ వెన్నుపూస" అంది.

అక్కడితో మానేసి ఉండేదాన్నే. భయం వల్ల కాదు, సిగ్గు వల్ల. కానీ పారాచూట్ తెరుచుకున్నాక, నేల తగిలేలోపు, ఆరు నిమిషాలున్నాయి. గాలి హోరు ఆగిపోయింది. ఎవరూ పిలవలేదు. గంట మోగలేదు, కుక్కర్ కూయలేదు, ఏమేవ్ అనే మాట వినపడలేదు. పిలిచినా నేను వెళ్లగలిగే చోట లేను. నాకు నలభై తొమ్మిదేళ్లు. పుట్టి బుద్ధెరిగిన తరవాత ఎవరికీ అవసరం లేకుండా నేనున్నది ఆ ఆరు నిమిషాలే. అవి మళ్లీ కావాలి. మూడోసారి, ఆ తాడు నేను లాగితే వచ్చినవి కావాలి. అందుకే వంటింట్లో బోర్లా పడుకుని ముప్ఫై లెక్కపెట్టాను. కుర్చీ అంచున కూర్చుని కాళ్లెత్తి ఇరవై లెక్కపెట్టబోయేదాన్ని. పదకొండు దాటేది కాదు. ఎవరో ఒకరు పిలిచేవాళ్లు, కాళ్లు వాటంతటవే దిగేవి. వాటికి వాటి బుద్ధి ఉంది.

మా వార్డులో పక్షవాతం వచ్చిన దర్జీ తాత ఉన్నాడు. ఆ వారం ఆయన్ని కుర్చీలోకి మారుస్తుంటే, పాపం నా నడుం మీద జాలిపడి, పనిచేయని కాలు నేలకు అదిమిపెట్టాడు. ఇద్దరం తూలాం. మంచం పట్టీ పట్టుకుని ఆపాను. "తాతా, నువ్వు సాయం చెయ్యకు. నువ్వు సాయం చేస్తేనే ఇద్దరం పడతాం. బరువు నామీద వదిలెయ్" అన్నాను. రోజుకు నలభైసార్లు అనే మాటే. ఆ రోజే నా చెవికి వినపడింది.

"అలవాటు లేదమ్మా" అన్నాడు తాత.

"ఎవరికుంది?" అన్నాను.

మా అత్తగారికీ లేదు. నిలబడే తిని, నిలబడే ముసలిదైన మనిషి. నాలుగేళ్లు మంచాన పడింది. నేను చంకల కింద చేతులు వేస్తే కర్రలా బిగుసుకుపోయేది. నామీద అసహ్యమనుకునేదాన్ని. ఒకసారి స్నానాల గదిలో తనంతట తను లేవబోయి నన్ను లాక్కుని పడింది. ఆమెకేమీ కాలేదు. నా మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. "దీన్ని నమ్ముకుంటే ఇంతేరా" అంది కొడుకుతో. కొడుకు నాతో, "ఊళ్లో వాళ్లందరినీ ఎత్తుతావు, మా అమ్మ ఒక్కతే బరువైందా?" అన్నాడు. కుట్లు ఊడదీశారు. ఆ మాట ఊడదీసేవాళ్లు లేరు.

పోయే ముందు పదిహేను రోజులు ఆమె బిగుసుకోవడం మానేసింది. ఎత్తితే తల నా భుజం మీద వాలిపోయేది. ఒకరోజు అలాగే వాలి, "బరువుగా ఉన్నానా?" అని అడిగింది. ఆమె నన్ను అడిగిన ప్రశ్నల్లో పని చెప్పనిది అదొక్కటే. "లేదత్తయ్యా" అన్నాను. అబద్ధం. మోయలేనంత బరువుగా ఉంది. కానీ ఆ రోజు తొందరగా దించలేదు. ఆమె జుట్టు నా చెంపకు తగులుతుంటే కాసేపు అలాగే నిలబడ్డాను. ఇప్పుడు తెలిసింది, ఆ బిగువు అసహ్యం కాదు. నేను పిట్టకు చేసిన సాయం లాంటిదే. ఆమెను క్షమించానని కాదు. అర్థమైంది, అంతే. రెండూ వేరు.

పిట్ట కాలు నయమయ్యాక రెండోసారి వెళ్లాను. విమానం తలుపు దగ్గర కూర్చున్నాం. గాలికి చెంపలు అదురుతున్నాయి. నా మెడ మళ్లీ కిందకు దిగుతోంది.

"అక్కా, తల" అంది నా చెవిలో.

తల వెనక్కి వాల్చాను. చిన్న భుజం. ఎముక నా మెడకు గుచ్చుకుంది. అక్కడే ఉంచాను.

పడుతున్నప్పుడు నడుం ముందుకు తోశాను. నేల కనపడలేదు. అంచు కనపడింది, ఆకాశమూ భూమీ కలిసే గీత. పిట్ట నా భుజం తట్టగానే చేతులు విప్పాను. వాటి కింద ఎవరూ లేరు. ఊగలేదు. తరవాత ఆ నిశ్శబ్దం వచ్చింది. పోయినసారి దాన్ని ఎవరో చూస్తారేమోనన్నట్టు దొంగచాటుగా అనుభవించాను. ఈసారి తీరుబడిగా కూర్చున్నాను.

గడ్డిపరకలు విడివిడిగా కనపడేంత కిందకు వచ్చాం. "ఎత్తు!" అంది. ఎత్తాను. తొడలు వణికాయి. పాదాలు నేలకోసం గింజుకున్నాయి. మోకాళ్ల వెనక చేతులు వేసి, మొండి పిల్లలను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. నేల వచ్చింది. నేను సాయం చేయలేదు. కూర్చున్నవాళ్లం కూర్చున్నట్టే గడ్డిలో జారి ఆగాం.

"ఇవాళ నీ బరువంతా నామీదే వేశావక్కా" అంది పట్టీలు విప్పుతూ.

"బరువుగా ఉన్నానా?" నోరు జారి అడిగేశాను.

"మరి! డెబ్బై రెండు కిలోలు. దానికేగా నేనున్నది" అని పుస్తకంలో సంతకం పెట్టింది.

ఎందుకో ఏడుపొచ్చింది. గాలికి కళ్లు మండుతున్నాయన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నావుగా అని పిట్ట అనలేదు. మంచి పిల్ల.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయన టీవీ ముందున్నాడు. "ఏమన్నా విరిగాయా?" అన్నాడు.

"లేదు."

"అయితే టీ పెట్టు. తల పగిలిపోతోంది."

బూట్లు విప్పడానికి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాను. విప్పాను. లేవబోయి, మళ్లీ కూర్చుని, కాళ్లు రెండూ ఎత్తి ముందుకు చాపాను. ఒకటి. రెండు.

"టీ అన్నాను."

"విన్నాను."

ఆయన నా కాళ్లవైపు చూశాడు. మేజోళ్లకు గడ్డి అంటుకుని ఉంది. కాసేపటికి తనే లేచి వంటింట్లోకి వెళ్లాడు. అరలు తెరిచాడు, మూశాడు. "టీపొడి ఎక్కడ పెట్టావ్?" అని అక్కడినుంచే కేకేశాడు. చక్కెర డబ్బా వెనక, మూడోది, మూత ఎడమపక్క నొక్కితేగాని రాదు. నా కుడికాలు అప్పుడే నేలవైపు బయలుదేరింది. సాయం చేస్తే ఇద్దరం పడతాం. దాన్ని పైకి లాక్కున్నాను.

"వెతుకు. అక్కడే ఉంటుంది" అన్నాను.

పదిహేను. పదహారు. లోపల ఏదో మూత కిందపడి, నేలమీద దొర్లుకుంటూ ఫ్రిజ్ కిందకు పోయిన చప్పుడైంది. ఆయన మోకాళ్లమీద కూర్చుంటూ మూలిగిన చప్పుడూ వినపడింది. ఇరవై దగ్గర కాళ్లు దించుకోవచ్చు. ఇరవై దాటాక లెక్కపెట్టడం మానేశాను.