మూలిగే ఇరుసు

అత్-బాషీ పాతసామాను సంతలో విడిభాగాలమ్మే సోవెత్ దగ్గర ఏది కొన్నా ముందు తిట్టుకోవాలి, తర్వాత బేరమాడాలి. ఆ రోజు నేను వెతుకుతున్నది నా ఉవాజ్ జీపుకు వెనక ఇరుసు. ఉన్నది విరిగిపోయి, బండి మేనమామ పెరట్లో దుంగల మీద కూర్చుంది. ఈసారి పొలం బళ్ళకు వేసే బక్కరకం వద్దు, మిలిటరీది కావాలనుకున్నాను.

"ఇది మిలిటరీదే," అన్నాడు సోవెత్.

"నీ దగ్గర మిలిటరీది కానిదేముంది? మీ ఆవిడ టీ కాచే సమోవార్ కూడా మిలిటరీదే అంటావు."

"కళ్ళున్నాయిగా, చూసుకో."

చూశాను. మిలిటరీ ఇరుసుకు రెండు చక్రాల దగ్గరా చెరొక పళ్ళచక్రాల పెట్టె ఉంటుంది. దానివల్లే ఇరుసు నడుం రాళ్ళకు తగలకుండా ఎత్తులో నిలుస్తుంది, దానివల్లే నడిచేటప్పుడు మూలుగుతుంది కూడా. పెట్టెలు రెండూ ఉన్నాయి. మోసం లేదు. బ్రేకు గొట్టం దగ్గర మట్టి గీకాను. అక్కడ ఉండాల్సిన రేకు లేదు, గుర్రమెక్కేటప్పుడు కాలు పెట్టే రికాబును సగానికి కోసి వెల్డింగు చేసి ఉంది.

ఆ రికాబు మా నాన్నది. వెల్డింగు చేసింది నేను. ఇరుసు మా తమ్ముడు మెదెర్ బండిది.

మూడేళ్ళ కిందట మెదెర్ కనుమ అవతలి గొర్రెలకాపరులకు పిండి బస్తాలు దింపి, అటునుంచి అటే కజకిస్తాన్‌కు పనికి పోతానని బయల్దేరాడు. పిండి చేరలేదు. మనిషీ దొరకలేదు, బండీ దొరకలేదు. బండి దొరక్కపోవడమే మా అమ్మకు ఆశ. "బండితో వెళ్ళినవాడు బండితోనే వస్తాడు," అనేది. రోడ్డు మీద ఏ ఉవాజ్ వెళ్ళినా చేతిలో పని ఆపి చెవి ఒగ్గేది. "వాడిది కాదు. వాడి బండి మూలుగుతుంది," అని మళ్ళీ పనిలో పడేది. మా ఊళ్ళో అలా మూలిగే బండి మెదెర్‌ది ఒక్కటే. అమ్మ అలా వింటుంటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నేనూ వింటూనే ఉండేవాణ్ణి.

"ఇదెక్కడిది?" అన్నాను.

సోవెత్ నా మొహం చూసి వెటకారం మానేశాడు. "కారా-కొయ్ లోయలో, ఏట్లో. పోయిన ఏడు చలికి ముందు నీళ్ళు తగ్గితే కాపరులకు బండి కనబడిందట. పనికొచ్చినవి విప్పి గుర్రాలతో లాక్కొచ్చారు."

"లోపల?"

"ఎముకలున్నాయన్నారు. ఒడ్డున పెట్టి, పైన రాళ్ళు పేర్చి, దువా చదివారట. ఎవరి బిడ్డో వాళ్ళకేం తెలుసు తమ్ముడూ."

మాలో చావు కబురు ఒక్కడు మోసుకెళ్ళి చెప్పకూడదు. పెద్దలు కలిసి వెళ్ళాలి, తల్లికి అటూ ఇటూ కూర్చోవాలి, మెల్లగా చెప్పాలి. ఇరుసు కొని తెచ్చి, మేనమామ ఇశెన్‌బాయ్‌కి చెప్పుకుని ఏడ్చాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"ముందు వాణ్ణి తెద్దాం. ఉత్త చేతులతో వెళ్ళి మా అక్కకేం చెబుతాను?" అన్నాడు.

ఆ రాళ్ళలోకి దిగడానికి ఊళ్ళో మరో బండి లేదు. కాబట్టి మెదెర్ ఇరుసునే నా బండికి బిగించాను. ఇంజను నుంచి వచ్చే కడ్డీ పొడుగైతే కోసి అతికాను. ముందు ఇరుసు పాతరకమే, రెండిటి పళ్ళచక్రాల లెక్క కలవదు, అందుకని ముందు చక్రాలకు ఇంజను బలం అందించే వీల్లేదు. బండి వెనకభాగం మాత్రం ఎత్తుగా లేచింది.

"వెనక సైన్యం, ముందు పొలం," అన్నాడు మామయ్య. ఇద్దరం నవ్వలేదు.

మరో ఇద్దరు పెద్దల్ని ఎక్కించుకుని ఊరి ఆ చివరున్న మామయ్య ఇంటి నుంచే బయల్దేరాం. బండి మూలగడం మొదలుపెట్టగానే మామయ్య మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. దారి పొడుగునా అదే మూలుగు. విని విని చివరికి చెవులకు తెలియడం మానేసింది.

కారా-కొయ్‌లో ఏమీ లేదు. ఈ వేసవి వరదకు ఏరు ఒడ్డునే కోసుకుపోయింది. రాళ్ళ గుట్ట లేదు, ఒక్క ఎముక లేదు. మోకాళ్ళ లోతు మంచునీళ్ళలో దిగి పిచ్చివాడిలా చేతులతో దేవాను.

"చాల్లే, ఎక్కు," అని మామయ్య నా కాలరు పట్టి లాగాడు. "నువ్వు కూడా పోతే నేను ఏ మొహంతో ఇంటికెళ్ళను?"

ఎముకలకు బదులు ఒడ్డున ఇంత మట్టి గుడ్డలో మూటగట్టుకుని తిరిగొచ్చాం. దారిలో మామయ్య చెబుతూనే ఉన్నాడు, "నేను మొదలుపెడతాను. నువ్వు నోరెత్తకు."

మా వీధి మలుపు తిరిగాక గానీ ఆ మూలుగు సంగతి నాకు వెలగలేదు. గబుక్కున ఇంజను ఆపేశాను. అప్పటికే ఆలస్యమైంది. అమ్మ తలగుడ్డ జారిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తుకొస్తోంది. చేతిలో నీళ్ళ గిన్నె. దూరాన గండం గడిచి తిరిగొచ్చినవాడి తల చుట్టూ తిప్పి పారబోసే నీళ్ళు.

"నేను చెప్పలా?" అంటోంది. "బండితోనే వస్తాడని చెప్పలా?"

కిటికీలోంచి నన్ను చూసింది, మామయ్యను చూసింది, వెనకున్న ఇద్దరినీ చూసింది. మొదలుపెడతానన్న మామయ్య ఒళ్ళోని మట్టి మూటను రెండు చేతులతో కప్పేశాడు.

"వెనకాల పడుకున్నాడా?" అంది అమ్మ, గొంతు తగ్గించి. "మీరు లేపకండి. నేను లేపుతాను."

నీళ్ళు తొణక్కుండా గిన్నె పట్టుకుని బండి వెనక్కి నడిచింది.