పెద్దావిడకి జ్వరం

ఆ గదిలో గోడవారగా వరసగా కంప్యూటర్లు ఉంటాయి. కిటికీ పక్కన, ఎత్తు బల్ల మీద విడిగా కూర్చున్న నల్లటి పెట్టెను మాత్రం అందరూ పెద్దావిడ అంటారు. దాని నెత్తిన అంటించిన కాగితం రంగు వెలిసింది గాని, అక్షరాలు ఇంకా కనిపిస్తాయి: "ముట్టుకోవద్దు. అడగనూ వద్దు." ఆ రాత మాస్టారి భార్యది.

మాస్టారు ఎన్నడూ ఎవరికీ పాఠాలు చెప్పలేదు. ఏ పరీక్షనైనా మూడుసార్లు చేస్తారని, ఎందుకు చేస్తారో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ వివరిస్తారని ఆ పేరు వచ్చింది. ఆ ఆఫీసువాళ్ళు గ్రాఫిక్స్ కార్డులకు డ్రైవర్లు రాస్తారు. కార్డుకూ కంప్యూటరుకూ మధ్య మాట అందించే ప్రోగ్రామే డ్రైవరు. దాన్ని మార్చినప్పుడల్లా తెర మీద బొమ్మలు ఇంతకుముందుకంటే చురుగ్గా కదులుతున్నాయా, నత్తనడక నడుస్తున్నాయా అని చూసి మార్కులు వేయడం మాస్టారి పని.

మార్కులు వేయడంలో ఒక చిక్కుంది. నిన్నటికంటే ఇవాళ తక్కువ వస్తే అది కొత్త డ్రైవరు తప్పో, కంప్యూటర్లో ఇంకేదో మారిందో తేలదు. అందుకని ఒక యంత్రాన్ని పక్కన పెట్టి, దానిలో మరేదీ కదపకుండా ఉంచుతారు. డ్రైవరొక్కటే మారుతుంది గనుక తేడా వస్తే డ్రైవరుదే. పెద్దావిడ ఉద్యోగం అదీ. ఆమెను స్క్రూ స్క్రూగా బిగించి ఆ బల్ల మీద కూర్చోబెట్టింది మాస్టారి భార్య. ఆఫీసులో యంత్రాలన్నీ ఆమె చేతిమీదుగానే నడిచేవి. తొలిరోజు వచ్చిన మార్కును నూరు అనుకున్నారు. తర్వాత వచ్చిన ప్రతి డ్రైవరునూ ఆ నూరుతోనే పోల్చారు.

"పొద్దున్నే ముందు పెద్దావిడ దగ్గరికే పోతారు. ఇంట్లో ఉన్నది చిన్నావిడనన్నమాట," అని ఆమె నవ్వేది.

ఒంట్లో నలతగా ఉందని సెలవు పెట్టి వెళ్ళిన మనిషి మళ్ళీ ఆ గదిలోకి రాలేదు. కాగితం మిగిలింది. మాస్టారు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ఊడ్చే మనిషిని కూడా ఆ బల్ల దరిదాపులకు రానివ్వలేదు. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మాత్రం ఒక్కసారి పెట్టె పక్కన అరచెయ్యి ఆనించేవారు. అది వెచ్చగా ఉండేది.

ఆ మధ్యాహ్నం మేనేజరు తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"ఏమంటోంది మాస్టారూ, పెద్దావిడ?"

"కొత్త డ్రైవరుకి తొంభై ఒకటి."

"పాతదానికో?"

"అనుమానం తీరక పాత డ్రైవరు మళ్ళీ పెట్టి చూశాను. తొంభై ఆరు."

మేనేజరు చెంప గోక్కున్నాడు. "అంటే ఆ అమ్మాయి ఏడాది కష్టం నీళ్ళపాలేనా? ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాం. రేపు సాయంత్రంలోగా పాసో ఫెయిలో తేల్చి చెప్పండి. ఫెయిలంటే ఆ పిల్లను ఉంచుకోవడం నా చేతుల్లో ఉండదు."

ఆ కొత్త డ్రైవరు రాసిన అమ్మాయిని ఆఫీసులో డ్రైవరమ్మాయి అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళమ్మ సంబరంగా పక్కింటివాళ్ళకు చెబితే, ఏ రూటు బస్సని అడిగారట. ఆ సంగతి తనే చెప్పి అందర్నీ నవ్వించింది. ఈమధ్య ఆమె నవ్వడం ఎవరూ చూడలేదు.

మేనేజరు వెళ్ళిన కాసేపటికి రెండు కప్పుల టీతో వచ్చి, ఒకటి మాస్టారి ముందు పెట్టింది.

"లంచం కాదు మాస్టారూ. తాగండి."

"లంచమైతే బిస్కెట్టు కూడా ఉండేదిలే."

"మిగతా కంప్యూటర్లన్నిట్లో నా డ్రైవరుకి మార్కులు పెరిగాయి. ఇక్కడే ఎందుకు తగ్గుతున్నాయి?"

"వాటిలో వారం వారం ఎవరో ఒకరు ఏదో ఒకటి మారుస్తుంటారమ్మా. వాటి సాక్ష్యం చెల్లదు."

"ఈవిడది చెల్లుతుందా?"

"ఈవిడని ఎవరూ ముట్టుకోలేదు కదా."

అమ్మాయి కాగితం వంక చూసింది. "అడగనూ వద్దని రాశారు గాని, ఒకటి అడుగుతాను, తిట్టకండి. మూడుసార్లలో మొదటిసారి వచ్చిన మార్కు కొట్టేస్తారెందుకు?"

"యంత్రం చల్లగా ఉన్నప్పుడు చేసే పని నమ్మకూడదు. గంటలకొద్దీ గేములు ఆడేవాళ్ళ దగ్గర ఎలా ఉంటుందో అదే చూడాలి. అందుకే తర్వాతి రెండిట్లో తక్కువదే లెక్క."

"ఇవాళ కొట్టేసింది ఎంత?"

మాస్టారు తెరను ఆమెవైపు తిప్పారు. తిప్పుతూ తనూ చూశారు. కొట్టేసిన అంకెల జోలికి పోయే అలవాటు ఆయనకు లేదు.

"నూట నాలుగు," అని చదివింది అమ్మాయి. గొంతు పెంచకుండానే అడిగింది. "పెద్దావిడ ఎప్పుడైనా నూరు దాటిందా మాస్టారూ?"

"లేదు."

"తర్వాత తొంభై నాలుగు, ఆ తర్వాత తొంభై ఒకటి. పరిగెత్తగలిగినంతసేపు పరిగెత్తి ఆయాసపడి కూలబడుతోంది. జ్వరం ఉందేమో చూడండి."

మాస్టారు పెట్టె పక్కన చెయ్యి పెట్టారు. వెచ్చదనం కాదది, కాలుతోంది. ఫ్యాను హోరు గదంతా నిండి ఉంది. ఆ హోరు ఎప్పుడు మొదలైందో ఆయనకు తెలియదు. కొంచెం కొంచెంగా పెరిగి, గదిలో ఒక మనిషి తోడున్నట్టు అలవాటైపోయింది. ఇంట్లోనూ ఇలాగే జరిగింది. భార్య చిక్కిపోతోందని చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు అన్నారు గాని, రోజూ పక్కన కూర్చుని తిన్న తనకు కనిపించలేదు.

"మరి పాత డ్రైవరుతో ఈ ఆయాసం లేదేం?" అన్నారు, జవాబు అప్పటికే తోచినా.

"అది మా బావలాంటిది మాస్టారూ. బరువు ఎత్తడు, చెమట పట్టదు. నాది కార్డు చేత ఒళ్ళు దాచుకోకుండా పని చేయిస్తుంది. ఆ వేడి బయటికి పోవాలంటే లోపల శుభ్రంగా ఉండాలి కదా. విప్పి, దుమ్ము దులిపి, పేస్టు మార్చి చూద్దాం."

చిప్పుకూ దాని మీది లోహపు పలకకూ నడుమ బూడిదరంగు పేస్టు పూస్తారు. వేడిని పైకి లాగేది అదే. అది ఎండిపోతే వేడి లోపలే ఉడుకుతుంది. కార్డు తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. ఇది మాస్టారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పేస్టు ఎవరి వేలితో పూసిందో కూడా చెప్పక్కర్లేదు.

"విప్పితే ఆ నూరు ఇక నూరు కాదమ్మా. ఇన్నాళ్ళ లెక్కలు దేనితోనూ పోల్చడానికి పనికిరావు."

అది నిజమే. కాని ఆ నిజం చాటున ఇంకేదో ఉందని అమ్మాయికీ అర్థమైంది. ఖాళీ కప్పులు తీసుకుంది.

"మీ ఇష్టం మాస్టారూ. నా ఉద్యోగం కోసం అడగడం లేదు." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "అబద్ధమెందుకు? నా ఉద్యోగం కోసమే."

ఇంటికి వచ్చేసరికి అత్తగారు ముందుగదిలో కుర్చీలో కూర్చుని కాయగూరలు తరుగుతోంది. కూతురికి సేవ చేయడానికి వచ్చిన మనిషి ఆ తర్వాత కూడా అక్కడే ఉండిపోయింది. ఉండమని ఆయన అనలేదు, వెళతానని ఆవిడా అనలేదు. కూతురు ఉన్నన్నాళ్ళూ "అల్లుడుగారూ, మీరు" అని మన్నించిన ఆవిడ పిలుపు, ఎప్పుడో తెలియకుండా "నాయనా, నువ్వు"లోకి దిగింది. ఆ దిగడంలో ఉన్న చలవ ఆయనకు తెలుసు. ఎన్నడూ పైకి అనలేదు.

చెప్పులు విడుస్తూ మాస్టారు ఆగిపోయారు. అత్తగారి ఒంటి మీద నీలం స్వెట్టరు ఉంది. పడగ్గది తలుపు వెనక కొక్కేనికి, భార్య చివరిసారి తగిలించినప్పటినుంచీ అలాగే వేలాడుతున్న స్వెట్టరు.

"చలేసింది నాయనా. వేసుకున్నా."

"ఉతికారా?"

"ఉతక్క? పురుగు కొట్టి మోచేతి దగ్గర ఇంత చిల్లు పడింది. రోజూ తలుపు వేసుకుని దాని ముందు నిలబడతావు గాని, దాన్ని చూసిన పాపాన పోలేదు. కుట్టి ఉతికాను."

మాస్టారు రెండో చెప్పు విడిచి గోడవారకు జరిపారు.

"వాసన పోయిందనేగా? పోయింది. సబ్బునీళ్ళలో చేతులు పెట్టుకుని నేనూ ఏడ్చాను. ఇంకో ఏడాది అలాగే వదిలేస్తే వాసనా ఉండేది కాదు, స్వెట్టరూ ఉండేది కాదు." తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. "నాకు కాస్త బిగుతే అనుకో. అది నా పోలిక కాదు, వాళ్ళ నాన్న పోలిక, పుల్లలా ఉండేది. చేతులు కడుక్కురా, తిందువుగాని."

తింటున్నంతసేపూ ఆయన మోచేతి దగ్గరి కుట్టునే చూశారు. దారం రంగు కలవలేదు. కుట్టు మాత్రం గట్టిగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు అలమర అడుగునుంచి భార్య పనిముట్ల డబ్బా తీసి ఆఫీసుకు తెచ్చారు. డ్రైవరమ్మాయి అప్పటికే తన సీట్లో ఉంది. ఆయన చేతిలో డబ్బా చూసి లేచి వచ్చింది గాని ఏమీ అడగలేదు.

ముందు కాగితం తీశారు. జిగురు ఎండిపోవడంతో అది చిరక్కుండానే వచ్చింది. మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత పక్కతలుపు స్క్రూలు విప్పారు.

లోపల దుమ్ము కంబళి పరిచినట్టు ఉంది. ఫ్యాను రెక్కలకూ, పలక సందులకూ అంగుళం మేర పట్టేసింది. వైర్లన్నీ ఒక మూలకు ఒద్దికగా చేర్చి ఉన్నాయి. వాటిని చుట్టి ఉంది ఒక ఎర్రటి జుట్టు బ్యాండు.

మాస్టారి చేతులు ఆగిపోయాయి.

పెద్దావిడను బిగించిన రోజు వైర్లు కట్టే తాళ్ళు అయిపోయాయి. స్టోరు తాళంచెవి ఉన్నవాడు భోజనానికి పోయాడు. వాడి కోసం కాచుకోవడం ఎందుకని భార్య తన జుట్టుకున్న బ్యాండే లాగి వైర్లకు చుట్టేసింది. సాయంత్రం దాకా జుట్టు మొహం మీద పడుతుంటే ఉఫ్‌మని ఊదుకుంటూ స్క్రూలు బిగించింది. రేపు తాళ్ళు తెచ్చి కడతాను, అది తీసేయ్ అని మాస్టారంటే, ముట్టుకోవద్దంది. ఆ మాటే తర్వాత కాగితం మీదికి ఎక్కింది.

వేలు తగలగానే బ్యాండు పుటుక్కున తెగి, పొడిపొడిగా రాలింది. ఎంత సాగేదో అంత పెళుసైపోయింది. ఆయన ఆ ముక్కల్ని అరచేతిలోకి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డారు.

అమ్మాయి తన మణికట్టుకు ఉన్న నల్ల బ్యాండు తీసి బల్ల మీద పెట్టింది. మొహం కిటికీవైపు తిప్పుకుంది. ఆ సమయంలో ఓదార్పు మాట ఒక్కటి వినబడినా ఆయన ఆ పని మానేసి వెళ్ళిపోయేవారేమో.

దుమ్ము దులిపారు. కార్డు బయటికి తీసి లోహపు పలక ఎత్తారు. పేస్టు ఎండి బీటలు వారింది. ఒక అంచున, వేలితో సర్దిన చిన్న వంపు ఇంకా తెలుస్తోంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకుని ఆ వంపును కాసేపు చూశారు. తర్వాత గుడ్డ తడిపి, మెల్లగా, అంతా తుడిచేశారు. కొత్త పేస్టు తన వేలితోనే పూశారు. వైర్లకు నల్ల బ్యాండు చుట్టారు.

కొత్త డ్రైవరుతో మూడుసార్లు నడిపారు. నూట అయిదు, నూట అయిదు, నూట నాలుగు.

అమ్మాయి కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. మేనేజరు వచ్చి తెరకేసి, ఆమెకేసి చూశాడు.

"పాసేనా మాస్టారూ?"

"పాసే. వెనక్కి పంపిన ఆ రెండూ కూడా మళ్ళీ చూడాలి. జ్వరం ఈవిడది. మందలింపు ఆ పిల్లకి పడింది."

"నాకు ముందే అనుమానమొచ్చింది సుమండీ," అన్నాడు మేనేజరు, పోతూపోతూ.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని నవ్వింది. "మా అమ్మకి ఫోను చేసొస్తాను మాస్టారూ. బస్సు పోలేదని చెప్పాలి."

గదిలో మాస్టారు ఒక్కరే మిగిలారు. ఇంకో సంగతి చూడాలనిపించింది. తొలిరోజు ఆమె పెట్టిన డ్రైవరు, తర్వాత వచ్చినవాటితోపాటు, సర్వర్లో భద్రంగా ఉంది. దాన్ని తెచ్చి పెట్టారు. మొదటిసారి వచ్చింది కొట్టేసి, తర్వాతి రెండింటికోసం ఓపిగ్గా కూర్చున్నారు. కిటికీలోంచి ఎండ బల్ల దాకా జరిగింది.

నూరు. మళ్ళీ నూరు.

ముట్టుకుంటే పోతుందనుకున్నది ఎక్కడికీ పోలేదు. ముట్టుకోనన్నాళ్ళే కొంచెం కొంచెంగా పోయింది. ఈ మాట వెంటనే చెప్పాలనిపించి ఆయన తల ఎత్తారు. వినగానే పకపకా నవ్వి, మీకు బుద్ధి ఇప్పటికా వచ్చింది అనవలసిన మనిషి ఒక్కతే. ఆ మనిషి నిలబడే చోట ఎండ పడుతోంది.

సాయంత్రం బయల్దేరేముందు అలవాటుగా పెట్టె పక్కన అరచెయ్యి ఆనించారు. చల్లగా ఉంది. హోరు లేదు, ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి పెట్టి వింటే గాని తెలియదు. ఆరోగ్యంగా ఉన్న యంత్రం అలాగే ఉంటుందని ఆయనకు తెలుసు. తెలిసినా, చెయ్యి వెంటనే తీయలేకపోయారు.