ఎర్ర కుర్చీలో గంగారత్నం

తాడేపల్లిగూడెంలోని ఆ చర్చికి కొత్తగా వచ్చినవాళ్ళు నెల తిరక్కుండానే మాయమైపోతున్నారు. "ఈసారి వచ్చినవాళ్ళు నిలవాలమ్మా. చదువుకున్నదానివి, నువ్వే చూసుకో" అని పాస్టరుగారు ఆ బాధ్యత హర్షిణికి అప్పగించారు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి హర్షిణి. ఏ పని చెప్పినా పరీక్షకు చదివినట్టు చేస్తుంది.

అప్పుడు వచ్చింది గంగారత్నం. కలిదిండి దగ్గర చేపల చెరువుల మీద బతికిన కుటుంబం. భర్తకు గూడెంలో లారీ ఆఫీసులో పని దొరికితే కాపురం మార్చారు. వీధిలో పలకరించే దిక్కులేక, పాటలు వినబడి లోపలికి వచ్చింది. ఈమెను మాత్రం పోగొట్టుకోకూడదని హర్షిణి పట్టుబట్టింది.

అందరూ చాపల మీద కూర్చుంటే గంగారత్నానికి ముందు వరసలో, ఫ్యాను కింద, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. ప్రతి ఆదివారం హర్షిణి మైకు పట్టుకుని "మన మధ్యకు వచ్చిన కొత్త సహోదరి గంగారత్నంగారు ఒకసారి లేచి నిలబడాలి" అనేది. చప్పట్లు. తర్వాత స్వాగత గీతం. పాట అయ్యేదాకా గంగారత్నం పవిట భుజాల నిండా కప్పుకుని నిలబడే ఉండేది. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందులో విస్తరి కూడా కుర్చీ దగ్గరికే వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున ఆమె గుమ్మంలోనే హర్షిణి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయిగారూ, ఇంక రానండి. చెప్పకుండా మానేస్తే బాగోదని వచ్చాను."

హర్షిణి ఆ చేతిని వదల్లేదు. "ఏం లోటు చేశామండీ? కుర్చీ ఇంకాస్త ఫ్యాను కిందకి జరపమంటారా?"

"అయ్యబాబోయ్! వారం వారం పెళ్ళిచూపులకి కూర్చున్నట్టుందండి నాకు. నచ్చానో లేదో ఒకసారి చెప్పేయండి, ఇంటికి పోతాను!"

"మరి ఎలాగండీ?"

"ఎనకాల ఆడోళ్ళంతా నవ్వుకుంటా కూరలు కోసుకుంటన్నారు కదండీ. నేనెళ్తే 'మీరు కూర్చోండమ్మా' అని కుర్చీ తెస్తన్నారు."

హర్షిణి ఇంకేమీ ఆలోచించకుండా ఆమెను చర్చి వెనక వంటపాకకు తీసుకెళ్ళింది. అక్కడ పెత్తనమంతా సువార్తమ్మది. పాస్టరుగారిని సైతం కసిరే మనిషి. చూస్తూనే "కుర్చీ, కుర్చీ!" అని కేకేసింది.

"కుర్చీ వద్దు మామ్మగారండీ. వంకాయలివ్వండి."

గంగారత్నం కత్తిపీట ముందేసుకుని పక్కావిడతో మాటల్లో పడింది. కాసేపటికి సువార్తమ్మ గొంతు పాకంతా మోగింది.

"ఏమ్మా గంగారత్నం! ముక్కలు నీళ్ళలో వెయ్యకుండా పొడి బేసిన్లో పోస్తున్నావేంటి? నల్లబడిపోవూ? నోరు కాదు, చెయ్యి చూసుకో!"

హర్షిణి పరిగెత్తుకొచ్చింది. "మామ్మగారండీ, ఆవిడ కొత్త..."

"కొత్తేంటే! నెలరోజులుగా ఇక్కడే తింటంది కదా!"

గంగారత్నం తలెత్తింది. "మర్చిపోయానండి. అయినా మీరు కోసిన ఉల్లిపాయలు మనుషులకా, గేదెలకాండీ?"

ఒక్కసారిగా అందరూ పగలబడి నవ్వారు. సువార్తమ్మ తన పళ్ళెం వైపు చూసుకుని "దీనికి నోరుందే!" అంది.

హర్షిణి గంగారత్నం పక్కన కూలబడి గుసగుసలాడింది. "ఏమీ అనుకోకండేం. ఆవిడ తనవాళ్ళందర్నీ అలాగే తిడతారు."

"నన్నూ తిట్టారు కదండీ!" అంది గంగారత్నం, మొహం వెలిగిపోతూ. తర్వాత గొంతు పెంచి అడిగింది. "మామ్మగారండీ, వచ్చే వారం ఎన్నింటికి రమ్మంటారు?"

"పెందలాడే రా. మీ ఇంటి కత్తిపీట పట్టుకురా, ఇవన్నీ మొండివి. హర్షిణీ, చూస్తా కూర్చున్నావేంటే? ముక్కలకి నీళ్ళు పట్రా!"

హర్షిణి బకెట్టు తీసుకుని పంపు దగ్గరికి పరిగెత్తింది.