చేతులు కట్టుకున్న పిల్లాడు

బడిలో పిల్లలు తోటి పిల్లల్ని ఎందుకు ఏడిపిస్తారన్న విషయం మీద నేను తిరుపతిలో పరిశోధన చేసి, 1996లో డాక్టరేట్ తెచ్చుకున్నాను. మా నాన్న కృష్ణస్వామి అహోబిలంలో దివ్యప్రబంధం చెప్పే పండితుడు. ఆ సంగతి విని, "పిల్లలన్నాక కొట్టుకోరా? దీనికి ఇన్నేళ్ళు చదవాలా పద్మప్రియా?" అన్నారు. మౌఖిక పరీక్షకు వచ్చిన ప్రొఫెసరు కూడా దాదాపు అదే అడిగాడు, కాకపోతే ఇంగ్లీషులో.

తర్వాత నంద్యాలలో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఆదివారాలు ఒక పిల్లల డాక్టరు గారి ఆసుపత్రి వెనక గదిలో కూర్చునేదాన్ని. బయట బోర్డు మీద 'బాలల మనస్తత్వ నిపుణురాలు' అని రాయించాను. ఊళ్ళో వాళ్ళు దాన్ని 'పిచ్చి డాక్టరమ్మ' అని చదువుకున్నారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

2001లో, బడులు తెరిచిన కొత్తల్లో, ఆళ్ళగడ్డ నుంచి మద్దయ్య అనే ఆయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, కోర మీసం, భుజాన తువ్వాలు. ఊళ్ళో ముఠా కట్టిన ఒక పెద్దాయన దగ్గర జీపు నడుపుతాడు. జీపు ఆగాక ఆయన వెనకాలే నిలబడతాడు కూడా. కొడుకు గణేశ్ ఎనిమిదో తరగతి. కింది పెదవి చిట్లి ఉంది.

"దినామూ తన్నులు తిని ఇంటికొస్తాండాడు మేడం. తిరిగి ఒక్క దెబ్బ కొట్టడు. ధైర్యానికి ఏదన్నా సూది ఉంటే వేయండి," అన్నాడు మద్దయ్య.

అలాంటి సూది లేదన్నాను.

"ఏందీ, సూదే లేకపోతే ఇంగ ఈ బోర్డెందుకు?" అని భుజాన తువ్వాలు సర్దుకున్నాడు. "సరే, ఒక నెల చూస్తా. అప్పటికీ వీడు కొట్టకపోతే బడి మానిపించి నాతోపాటు జీపు ఎక్కిస్తా. ఆడ నేర్చుకుంటాడు."

ఆ జీపులో ఏం నేర్చుకుంటారో ఆళ్ళగడ్డలో అందరికీ తెలుసు. గణేశ్ తల దించుకుని కూర్చున్నాడు. వాడికి లెక్కలంటే ఇష్టం. బడి మానడం ఇష్టం లేదు. ఆ రెండు ముక్కలు చెప్పించడానికి నాకు గంట పట్టింది.

ఆ వారంలోనే వాడి బడికి వెళ్ళాను. ఎవరు కొట్టారని అడిగితే పిల్లలు చెప్పరు, ఇది నా పరిశోధనలో తేలిన మొదటి సంగతి. అందుకే, కొట్టినప్పుడు నువ్వెక్కడ ఉన్నావని అడుగుతాను. "ఆడనే నిలబడినా మేడం," అన్నారు అందరూ. ఒకడు మాత్రం నవ్వుతూ లేచి, గణేశ్ ఏం చేస్తాడో చేసి చూపించాడు. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, నడుము కొంచెం వంచి, "తప్పైపోయింది అన్నా," అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. దెబ్బలు తినే పిల్లలు ఏడుస్తారు, పారిపోతారు, మాస్టారికి చెబుతారు. తోటి పిల్లాడి ముందు ఇలా చేతులు కట్టుకుని నిలబడిన వాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. పదమూడేళ్ళ పిల్లాడికి అది సొంతంగా పుట్టే తెలివి కాదు, ఎక్కడో చూసి ఉండాలి.

నెల గడిచింది. మద్దయ్య కొడుకుతో వచ్చి, కూర్చోకుండానే, "కొట్టినాడా?" అన్నాడు.

నేను గణేశ్ వైపు తిరిగాను. "నీకు చేతులు కట్టుకోవడం ఎవరు నేర్పించారు?"

వాడు నా వైపు చూడలేదు. తండ్రి వైపు చూశాడు.

"ఉగాది దినం జీపు ఆలస్యమైందని పెద్దాయన నిన్ను చెంప మీద కొట్టినాడు గదా నాయనా. అమ్మ పండక్కి చేసిన బచ్చాలు నీకిచ్చి రమ్మంటే వచ్చి, నేను ఆయనింటి గేటు కాడ నిలబడి చూసినా. నువ్వు చేతులు కట్టుకోని 'తప్పైపోయింది అన్నా' అన్న్యావు. నువ్వు తిరిగి కొట్టల్యా. నన్నేమో కొట్టమంటాండావు."

మద్దయ్య గుమ్మం వైపు తిరిగాడు. తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. "పాండి పోదాం," అని కొడుకును తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక్క పిల్లాడితో 'పదండి' అన్నట్టు ఆ బహువచనం ఎందుకో నాకు అర్థం కాలేదు. అలవాటు కావచ్చు.

ఆ వారమంతా నాకు భయంగానే ఉంది. దారిలో పిల్లాణ్ణి చితకబాదాడేమో, జీపు ఎక్కించేశాడేమో అనుకున్నాను. నా మీద నాకే కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళ నా ప్రశ్నల్లో బడి ఉంది, క్లాసు ఉంది, ఆటస్థలం ఉంది. పెద్దాయన ఇంటి గేటు లేదు. ఆ వారమే ఒక ప్రశ్న కొత్తగా చేర్చాను: పెద్దవాళ్ళు పెద్దవాళ్ళను కొట్టగా ఎక్కడ చూశావు? తర్వాత నేను రాసినవన్నీ ఆ ప్రశ్న మీదే నడిచాయి.

ఆదివారం గణేశ్‌ను వాళ్ళమ్మ నాగేశ్వరమ్మ తీసుకొచ్చింది.

"ఆయన రాలేదా?" అన్నాను.

"రాల్యా మేడం. కొలిమిగుండ్ల కాడ నాపరాళ్ళ గనికి పోతాండాడు. ఇంగ జీపు ఎక్కనన్నాడు. పెద్దాయన మనిషొస్తే ఇంట్లో లేడని నాతో చెప్పించినాడు. ఏమైతాదో ఏమో, నాకైతే భయమే." ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. "పిల్లోన్ని మాత్రం బడి మానిపించొద్దన్నాడు."

గణేశ్ పెదవి ఈసారి ఇంకో పక్క చిట్లి ఉంది.

"మళ్ళీ కొట్టారా?"

"కొట్టినారు మేడం."

"నువ్వు?"

"కొట్టల్యా," అన్నాడు. నా కళ్ళలోకి చూస్తూ, "చేతులు మాత్రం కట్టుకోల్యా," అన్నాడు.