ముక్కుకి తగలాలి, గుచ్చకూడదు

ఈ కోడిపిల్లలేంటి తొట్టెని చూసి వెనక్కి నడుస్తున్నాయి, దాణా పోసిన చప్పుడు వింటేనే ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చేవి, ఇప్పుడేమో ఒక పొడుపు పొడిచి తల విదిలించి బల్బు కిందకి పోయి ముడుచుకుంటున్నాయి, రెక్కలు వేలాడేసుకుని, అలిగిన కొత్తకోడళ్లలాగా, అలకైతే బాగుండు, జబ్బేమో అని రెట్ట చూశాను, గట్టిగానే ఉంది, మరి ఆకలితో ఇలా ఎన్నాళ్లు నిలబడతాయి, వంగి ఓ గుప్పెడు దాణా తీశానో లేదో గుచ్చింది ముక్కులోకి, వెల్లుల్లి, దాని వెనకాలే వేపాకు చేదు గొంతు దాకా, ఇంత ఘాటా, ఇది మా ఆవిడ చేతి మందేనా

మా ఆవిడ మందంటే ఇక్కడ అందరికీ తెలుసు, వేపాకు, వెల్లుల్లి, వాము, పసుపు, అన్నీ ఎండబెట్టి దంచి దాణాలో కలుపుతుంది, దాణా కొట్టతను నవ్వేవాడు, ఏంటక్కా కోడిపిల్లలకి బాలింత పథ్యం పెడుతున్నావా అని, పెడతా తమ్ముడూ, నీ డబ్బా మందులకంటే నయం అనేది ఈవిడ, నిజమే, ఆ పొడి పడ్డాక కాళ్లు గట్టిపడి పిల్లలు షెడ్డంతా పరుగులు, ఎంత వెయ్యాలే అంటే కొలత చెప్పదు, ముక్కుకి తగలాలి, గుచ్చకూడదు, అంతే అంటుంది, అయితే నీ ముక్కే త్రాసన్నమాట అన్నానోసారి, మీ ముక్కుకంటే నయమే, మీ ముక్కు మీద కోపం తప్ప ఇంకోటి నిలవదు అంది, ఇద్దరం ఎంత నవ్వుకున్నామో

మరి ఆ త్రాసుకేమైంది, పొద్దున పాలు మాడి ఇల్లంతా కమురు వాసన, తను ఆ పొయ్యి పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది, ఏమే అని కేకేస్తే ఉలిక్కిపడి, ఏదో ఆలోచనలో ఉన్నాలెండి అంది, పోయిన నెల తనకొచ్చిన ఆ జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ కూర చప్పగా ఉందంటూ ఉప్పు వేసుకుంటూనే ఉంది, నిన్న షెడ్డులో ఊక తడిసి కళ్లు మండే కంపు, నేను తువ్వాలు అడ్డం పెట్టుకున్నా, తను మామూలుగా నిలబడింది, పాపం ఎంత ఓపికో అనుకున్నాను, ఓపికంట, నా తలకాయ

అదిగో బేసిన్ ఎత్తుకుని వస్తోంది, ఇంకా తినట్లేదా, మందు చాలలేదేమో, ఇంకో దోసెడు కలిపా అంటోంది, చాలక కాదే ఎక్కువై అనబోయి ఆగిపోయాను, ఎందుకంటే గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది, ఎండిన బావిలో బొక్కెన వేసి లాగినట్టు అలా పీలుస్తూనే ఉంది, ఏమీ పైకి రాలేదు, కళ్లు తెరిచి నా మొహం చూసింది, వాసన ఎలా ఉందండీ అంది, ఈ మధ్య రోజూ ఇదే అడుగుతోంది, మెచ్చుకోలు కోసమనుకుని బాగుందే బాగుంది అంటున్నాను నేను, తను అడిగింది మెచ్చుకోలు కాదు, కొలత, వాసన పోయింది మనిషికి, పోయిందని తనకి తెలుసు, తెలిసీ చెప్పుకోలేక రోజూ నా మొహంలో వెతుక్కుంటోంది

గుచ్చుతోందే అన్నాను, మెల్లగా, తను బేసిన్ కింద పెట్టి ఉత్త దాణా ఓ గంపెడు తెచ్చి అందులో పోసి కలిపింది, గుప్పెడు తీసి ఈసారి నా ముక్కుకి పెట్టింది, ఇంకా గుచ్చుతోంది, ఇంకాస్త పోసింది, తగిలిందా అంది, ఆగు, ఇంకొంచెం, ఆ, ఇప్పుడు తగిలింది, తొట్టెలో మార్చి పోస్తే ఓ పిల్ల వచ్చి పొడిచింది, మళ్లీ పొడిచింది, దాని వెనక ఇంకోటి, తను కొంగుతో చేతులు తుడుచుకుంటూ వాటినే చూస్తోంది, కళ్లు తుడుచుకోలేదు, నేను చూడనట్టే నిలబడ్డాను, ఇక మాడితే మాడిందని, గుచ్చితే గుచ్చిందని ఉన్నదున్నట్టు చెప్పాలి, ఈ ఇంటికి ఇప్పుడున్నది ఈ ఒక్క ముక్కే, దీని మీద ఇంకెప్పుడూ కోపం ఉంచుకోకూడదు.