చిన్న మేడమ్ వంతు

“పిల్లల ఏడుపులన్నీ వినడానికి ఆ కాలేజీలో నువ్వు తప్ప ఇంకో మనిషి దొరకలేదా?” అన్నారు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. నిజంగానే దొరకలేదు. నలభై మంది లెక్చరర్లు ఉండగా ప్రిన్సిపాల్ గారు లైబ్రేరియన్‌నైన నన్ను పిలిచి, “మీరైతే ఓపికగా వింటారు మేడమ్, పిల్లలకు తల్లిలాంటివారు” అన్నారు. ఫిజిక్స్ సారు తండ్రిలాంటివాడని ఆయనకెందుకు తట్టలేదో నేను అడగలేదు, తల ఊపేశాను. మెచ్చుకుంటే చాలు, తల ఊపేయడం నాకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైపోయింది.

ఆ గ్రూపుకు సహాయ బృందం అని పేరు. బుధవారం నాలుగు గంటలకు రీడింగ్ రూములో బల్లలన్నీ గోడవారకు జరిపి, పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేస్తాం. మనసులో బరువున్న పిల్లలెవరైనా రావచ్చు. నా ఎడమపక్క నుంచి మొదలై ఒక్కొక్కరే మాట్లాడతారు. ఎవరూ సలహాలివ్వకూడదు. చెప్పడం అయ్యాక అందరం కలిసి “విన్నాం” అంటాం, అంతే. మొదట్లో నాకది పిల్లాటలా అనిపించింది. కానీ రెండుసార్లు పరీక్ష తప్పిన పొడుగబ్బాయి, అందరూ నిచ్చెన అంటారు వాణ్ణి, ఆ ఒక్క మాట వినగానే మొహం మోచేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంట్లో వాడు ఏం చెప్పినా చివరికి తిట్లే వచ్చేవట.

నా కుడిపక్క కుర్చీ చిన్న మేడమ్‌ది. రెండో సంవత్సరం పిల్ల. ఈ ఏడు మొదటి వారం అందరికంటే ముందొచ్చి, “మేడమ్, కుర్చీలు వెయ్యనా?” అంది. ఆ రోజు నుంచీ కుర్చీలు వేయడం, తీయడం, నీళ్లు తేవడం, ఎవరైనా మరీ ఏడిస్తే మెల్లగా వరండాలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టడం, అన్నీ తనే. ఎవరి గొంతు ఎప్పుడు బొంగురుపోతుందో నాకంటే ముందు తనకే తెలిసేది. చిన్న మేడమ్ అని పేరు పెట్టింది నిచ్చెనే. “ఆ పిల్ల ఉంటే నాకు చీకూ చింతా లేదు” అని స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

తర్వాత రెండు వారాలు తను రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. కుర్చీలు నేనే మోసుకోవలసి వచ్చిందని కొంచెం విసుక్కున్నాను కూడా. సోమవారం పొద్దున ఆఫీసు గుమాస్తా ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చదువు మానేస్తున్నానని దరఖాస్తు, చిన్న మేడమ్‌ది. కారణం, కుటుంబ పరిస్థితులు. కింద తండ్రి సంతకం, దాని కింద ‘సహాయ బృందం అభిప్రాయం’ అని ఒక ఖాళీ గడి. గ్రూపులో తమ ఇబ్బంది ముందే చెప్పుకున్న పిల్లలకు కాలేజీ ఏడాదిపాటు సీటు ఉంచుతుంది. పోయినేడు ఇద్దరికి నేనే రాసి ఇప్పించాను.

“ఏమీ చెప్పలేదని రాసెయ్యండి మేడమ్, మీకు ఏ గొడవా ఉండదు. మధ్యాహ్నానికి పైకి పంపాలి” అన్నాడు గుమాస్తా.

రిజిస్టరు తీశాను. ఏ వారం ఎవరు ఏం చెప్పుకున్నారో అందులో ఒక్కో ముక్క రాసిపెడతాను. నిచ్చెన: పరీక్ష భయం. హాస్టలు పిల్ల: నిద్ర పట్టడం లేదు. చిన్న మేడమ్ వరుసలో పదకొండు వారాలకూ నా చేతిరాతే ఉంది. కుర్చీలు వేసింది. నీళ్లు తెచ్చింది. హాస్టలు పిల్లను బయటికి తీసుకెళ్లింది. ఒకచోట, చాలా మంచి పిల్ల. తను చెప్పిన మాట ఒక్కటి కూడా లేదు. వంతు ఎడమ నుంచి తిరిగి కుడిపక్కకు వచ్చేసరికి ఎప్పుడూ గంట కొట్టేసేవారు. ఒక్క వారం మాత్రం పది నిమిషాలు మిగిలాయి. “మేడమ్, నేనొకటి…” అని తను నోరు తెరిచింది. అంతలో హాస్టలు పిల్ల మళ్లీ ఏడుపందుకుంది. నేను చిన్న మేడమ్ వంక చూసి కళ్లతోనే సైగ చేశాను, నువ్వు చూడు అని. తను లేచి వెళ్లింది.

మా అత్తగారు వచ్చినవాళ్లందరితో, “మా కోడలుంటే నాకు చీకూ చింతా లేదు” అనేవారు. ఒకసారి ఒళ్లు కాలిపోయే జ్వరంతో నేను మంచమెక్కితే, పక్కన కూర్చుని తల నిమురుతూ, “నువ్వు పడుకుంటే ఇల్లే పడుకుంటుందమ్మా” అన్నారు. ఎంత ప్రేమగా అన్నారో! లేచి వంట చేశాను. ఆ మెప్పులో ఉన్న ఉరి నాకు తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది. తెలిసి కూడా, అదే మాటను అక్షరం పొల్లుపోకుండా పందొమ్మిదేళ్ల పిల్ల మెడలో వేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

పుస్తకాల అరల వెనక్కి వెళ్లి ఫోన్ చేశాను.

“మేడమ్! బాగున్నారా? నిచ్చెన పరీక్ష రాశాడా? హాస్టలు పిల్లకి నిద్ర పడుతోందా?” వెనకాల గిన్నెలు తోముతున్న చప్పుడు.

“నీ సంగతి చెప్పు. ఏమైందమ్మా?”

“అమ్మకి పక్షవాతం మేడమ్, మంచం మీదే ఉంది. పగలు పక్కింటి పిన్ని చూసేది, ఆవిడ ఇల్లు మారిపోయింది. నాన్నకి ఉద్యోగం. అన్నయ్యది ఆఖరి సంవత్సరం, వాడు మానెయ్యలేడు కదా.”

“ఎప్పటినుంచి?”

“సెలవుల్లో వచ్చింది. ఈ ఏడు గ్రూపు మొదలవకముందే.”

“మరి మాకెందుకు చెప్పలేదు?”

గిన్నెల చప్పుడు ఆగింది. “చెప్పుకోడానికే వచ్చాను మేడమ్, మొదటి రోజు. చూస్తే మీరొక్కరే కుర్చీలు మోస్తున్నారు. తర్వాత అందరూ చిన్న మేడమ్, చిన్న మేడమ్ అంటుంటే… చిన్న మేడమ్ కూడా ఏడిస్తే బావుండదు కదా అని.”

నాకు ఏడుపు ఆగలేదు. పెద్దగానే ఏడ్చేశాను.

“అయ్యో, ఏడవకండి మేడమ్. మీ తప్పేం లేదు. కాసిని నీళ్లు తాగండి, నేను లైన్లోనే ఉంటాను.”

ఇప్పుడు కూడా ఆ పిల్ల చేతే ఓదార్పించుకుంటున్నానని అప్పుడు తెలిసొచ్చింది. అరచేత్తో మొహం తుడుచుకున్నాను. “ఇక నేను మాట్లాడను. నువ్వు చెప్పు, ఎంతసేపైనా సరే” అన్నాను.

“చెప్పడానికి ఏముంది మేడమ్…” అని ఊరుకుంది. నేను ఎదురుచూశాను. ఊపిరి మాత్రం వినపడుతోంది. రెండుసార్లు ఏదో అనబోయి ఆగింది. మూడోసారి “నాకూ…” అంది. లోపలినుంచి ఎవరో పిలిచారు. “వస్తున్నా అమ్మా” అంటూ ఫోన్ పెట్టేసింది.

గుమాస్తా మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తను చెప్పిందని రాస్తే అబద్ధం. చెప్పలేదని రాస్తే అంతకంటే పెద్ద అబద్ధం. ఉన్నది రాస్తే నా మీద విచారణ వస్తుంది, పిల్లలకు తల్లిలాంటిదాన్నన్న పేరూ పోతుంది. పోనీ. పెన్ను తీసి, గడి పట్టకపోతే అంచుదాకా రాశాను: సీటు ఉంచండి. ఈ అమ్మాయి మా దగ్గరికి సాయం కోసం వచ్చింది. మేము ఆమె చేత సాయం చేయించుకున్నాము.